పులి నడిచే దారిలో మీ ఊరుంటే: పొలాన్నీ అడవినీ కాపాడుకునే ప్రణాళిక ఎలా వేసుకోవాలి

మహారాష్ట్రలోని తాడోబా అడవిలో పుట్టిన పులి సొంత చోటు వెతుక్కుంటూ దక్షిణానికి బయలుదేరితే వార్ధానో ప్రాణహితనో ఈది సిర్పూర్, బెజ్జూర్, పెంచికల్‌పేట, కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంది. అక్కడి నుంచి ఆసిఫాబాద్, తిర్యాణి మీదుగా కవ్వాల్ పులుల అభయారణ్యానికి చేరాలి. ఈ దారి పొడుగునా అడవే ఉండదు. నడుమ పత్తి చేలు, కంది చేలు, రైలు పట్టాలు, జాతీయ రహదారి, ఊళ్లు. రాత్రిపూట పత్తి చేనులోంచి పులి తన పాటికి తాను వెళ్లిపోతుంది. పొద్దున గట్టు మీద అడుగు చూసి మనకు తెలుస్తుంది. అదే చేను గుంటల లెక్కన ప్లాట్లయి చుట్టూ ప్రహరీ లేస్తే ఆ దారి అక్కడితో ఆగిపోతుంది. రైతు నిలిస్తే పొలం ఉంటుంది, పొలం ఉంటే జంతువుకు దారి ఉంటుంది. కింద చెప్పిన పనులన్నీ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నల్లమల, శేషాచలం నడుమ ఉన్న ఊళ్లకూ, ఏనుగులు తిరిగే పలమనేరు, కుప్పం వైపు ఊళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. జంతువు మారితే జాగ్రత్తలు మారతాయి. గ్రామసభ, నక్ష, అభ్యంతరం పెట్టే గడువులు దాదాపు అవే.

ముందు నక్ష గీయండి

తహసీల్ ఆఫీసు నుంచి మీ రెవెన్యూ గ్రామ నక్ష నకలు తీసుకోండి. అడవిని ఆనుకున్న ఊరైతే అడవిని భాగాలుగా విడదీసి చూపే, అటవీ శాఖ దగ్గర ఉన్న కంపార్ట్‌మెంటు మ్యాపు కూడా కావాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడిపే భువన్ పోర్టల్‌లో మీ ఊరి ఉపగ్రహ చిత్రం దొరుకుతుంది. పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుంటే పని సులువు.

ఆ కాగితాన్ని ఆఫీసులో కాదు, రచ్చకట్ట మీద పరవండి. ఎవరిని పిలుస్తారన్నదే ఇక్కడ అసలు సంగతి. పట్టా రైతులు ఎలాగూ వస్తారు. పశువులు కాసేవాళ్లను, మేకల మందల వాళ్లను, తునికాకు, ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లను, కౌలు రైతులను పనిగట్టుకుని పిలవాలి. ఏ ఒర్రెలో ఎండాకాలం నీళ్లుంటాయో, ఏ గుట్ట పక్కన ఎలుగుబంటి తిరుగుతుందో, మనుబోతులు ఏ చేను నుంచి ఏ చేనులోకి దాటతాయో తెలిసింది వాళ్లకే. పట్టా పుస్తకం లేనివాడికి నక్ష మీద మాట లేదనుకుంటే మీ నక్షలో సగం ఖాళీగా మిగులుతుంది.

రంగు పెన్సిళ్లతో గుర్తులు పెట్టండి: నీళ్ల చోట్లు ఒక రంగు, పశువుల మేత భూమి ఒక రంగు, జంతువులు దాటే చోట్లు ఒక రంగు. దేవుడి గుట్టలు, శ్మశానాలు, పాత బండ్ల బాటలు వదలొద్దు. రెండు పంటలు పండే నీటి వసతి భూమిని వేరే రంగులో చూపండి, దాని అవసరం తర్వాత చెబుతాను. ప్రతి గుర్తు పక్కనా సర్వే నంబరు రాయండి. సర్వే నంబరు లేని గుర్తును రేపు ఏ ఆఫీసులోనూ లెక్కచేయరు.

పక్క ఊరి నక్షతో కలిపి చూసుకోవడం మరిచిపోవద్దు. దారి ఒక్క ఊరితో అయిపోదు. మీరు వాగు ఒడ్డు వదిలేసి, అవతలి ఊరు అదే ఒడ్డును ఇటుక బట్టీకి ఇస్తే మీ శ్రమ వృథా. నాలుగైదు ఊళ్ల నక్షలు పక్కపక్కన పెట్టినప్పుడు దారి ఎక్కడ సన్నబడుతోందో కంటికి కనబడుతుంది. ముందుగా పట్టు పట్టాల్సింది ఆ సన్నబడ్డ చోట.

ఏడాది పాటు ఒక నోటుబుక్కు

నక్ష మీది గుర్తుకు సాక్ష్యం కావాలి. ఊళ్లో చదువుకున్న ఇద్దరు పిల్లలకు ఒక నోటుబుక్కు, ఒక ఫోను అప్పజెప్పండి. తేదీ, చోటు, ఏం కనబడింది, ఎవరు చూశారు, పంటకో పశువుకో నష్టం జరిగిందా, ఇంతే రాయాలి. అడుగు ఫొటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె పెడితే కొలత తెలుస్తుంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఎక్కడ తీశారో అందులోనే నమోదవుతుంది.

ఒక జాగ్రత్త. పులి అడుగు ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. ఎక్కడుందో వేటగాడికి మనమే చెప్పినట్టవుతుంది. గుంపులు కూడి జంతువును బెదిరగొడితే ప్రమాదం ఊరికే. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి, నోటుబుక్కులో రాయండి, అంతటితో ఆపండి.

ఈ రాతలనే పంచాయతీ జీవవైవిధ్య కమిటీ ద్వారా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులోకి ఎక్కించాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఈ కమిటీ ఉండాలి. చాలా ఊళ్లలో అది కాగితం మీదే ఉంటుంది. ఒకసారి రిజిస్టరు తెప్పించుకుని చదవండి. పక్క మండలం పేజీలు మీ ఊరి పేరుతో కనబడితే ఆశ్చర్యపోవద్దు, దిద్దించండి. పెంచికల్‌పేట, బెజ్జూర్ వైపున్న పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్నాయి. అలాంటి చోటు ఉన్న ఊరి రిజిస్టరులో ఆ గుట్ట పేరే లేకపోతే అది ఎవరికి పనికొస్తుంది?

హక్కు కాగితం ముందు, రక్షణ తర్వాత

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అడవి పక్క ఊళ్లో పోడు పట్టా రానివాడు, ఎప్పుడు ఖాళీ చేయిస్తారో అన్న భయంతో బతికేవాడు కారిడార్ (జంతువుల దారి) అనే మాట వినగానే లేచి వెళ్లిపోతాడు. అతని భయంలో తప్పు లేదు. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం 49వ నంబరు జీవోతో ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. తమను అడగలేదని ఆదివాసీ ఊళ్లు కదిలాయి, బంద్‌లు జరిగాయి. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలుపుదలలో పెట్టింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఎ సెక్షనే కన్జర్వేషన్ రిజర్వుకు ముందు స్థానికులతో సంప్రదించాలని చెబుతోంది. దాన్ని తప్పించి గీసిన గీత రెండు నెలలు కూడా నిలవలేదు. పులికీ మేలు జరగలేదు, మనుషులకూ నమ్మకం పోయింది.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత దరఖాస్తులు ఎన్ని పెండింగులో ఉన్నాయో ముందు తేల్చండి. దాంతో పాటే సామూహిక అటవీ వనరుల హక్కుకు దరఖాస్తు పెట్టండి. అది ఫారం సి. చట్టంలోని 3(1)(ఐ) కింద ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవిని నిర్వహించే హక్కు గ్రామసభకు వస్తుంది. 5వ సెక్షన్ ప్రకారం ఆ అడవిలోని జంతువులనూ నీటి చోట్లనూ కాపాడే అధికారం కూడా గ్రామసభదే. చాలామంది వ్యక్తిగత పట్టాతో ఆగిపోతారు. అభివృద్ధి పేరుతో ఎవరైనా అడవిలోకి వచ్చినప్పుడు ఊరికి బలమిచ్చేది ఈ సామూహిక హక్కు.

ఒడిశా నియమగిరిలో జరిగింది గుర్తుంది కదా. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల నిర్ణయం తీసుకోమంది. 12 ఊళ్ల గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. గని రాలేదు. ఆ కొండల్లోని డోంగ్రియా కోందు ఆదివాసీల చేతిలో ఉన్న ఆయుధం ఈ చట్టమే.

దరఖాస్తు కోసం అటవీ హక్కుల కమిటీ ఉండాలి: 10 నుంచి 15 మంది సభ్యులు, మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు మహిళలు. ఊళ్లో గిరిజనేతరులు ఉంటే వాళ్లకు నియమం కఠినంగా ఉంది, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడ ఉన్నట్టు చూపాలి. ఇది గొడవలకు దారితీసే చోటు. గిరిజనేతరులను మేత భూమి, వాగు, దారుల చర్చలో కలుపుకోండి. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని నిషేధించే 1/70 చట్టం విషయంలో మాత్రం ఎవరి కోసమూ మెత్తబడకండి. ఆ చట్టమూ, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పూ లేకపోతే మన ఏజెన్సీ అడవుల్లో ఎన్ని గుట్టలు ఇప్పటికే క్వారీలయ్యేవో.

తీర్మానం ఎలా రాయాలి

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. దాన్ని సంతకాల పుస్తకం తిప్పే తతంగంగా మారనివ్వకండి. అటవీ హక్కుల కింద జరిపే సభకు కోరం పెద్దది: సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా మహిళలు ఉండాలి. పత్తి ఏరే రోజుల్లో పగలు సభ పెడితే ఎవరూ రారు. పొద్దుగుంకాక పెట్టండి, లేదా అంగడి లేని రోజు చూసుకోండి.

తీర్మానంలో "అడవిని కాపాడాలని నిర్ణయించడమైనది" అని రాసి వదిలేస్తే ఎందుకూ కొరగాదు. ఇలా రాయండి: "ఫలానా సర్వే నంబర్ల గుండా పోయే వాగుకు రెండు వైపులా ఇన్ని గజాల మేర ప్రహరీ గోడ గానీ, ఇటుక బట్టీ గానీ, లేఔటు గానీ ఈ గ్రామసభ సమ్మతి లేకుండా రాకూడదు. ఫలానా గైరాన్ భూమి పశువుల మేతకే. ఫలానా చోట వన్యప్రాణులు దాటుతున్నట్టు జీవవైవిధ్య రిజిస్టరు ఫలానా పేజీలో నమోదైంది." ఎన్ని గజాలన్నది ఊరు కూర్చుని తేల్చుకోవాలి. రైతు ఒప్పుకోని కొలత రాస్తే మొదటి బేరానికే అది చెరిగిపోతుంది.

నక్ష నకలు జతపరచండి. హాజరు సంతకాలు, వేలిముద్రలు, తేదీ, ఫొటో ఉండాలి. నకళ్లు తహసీల్దారుకు, ఎంపీడీఓకు, జిల్లా అటవీ అధికారికి, ఏజెన్సీ అయితే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇచ్చి, ప్రతి నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే కొందరు గుమాస్తాలు చిరాకు పడతారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ రసీదే రేపు కోర్టులో మాట్లాడుతుంది.

ఇవే అంశాలను గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకీ ఎక్కించండి. చెరువు పూడిక, అడవి అంచున నీటి గుంట, మేత భూమిలో గడ్డి పెంపకం, ఇవన్నీ ఉపాధి హామీ పనులుగా పెట్టుకోదగ్గవి. ఎండాకాలం అడవిలోపల నీళ్లుంటే జంతువు ఊరి చెరువుకు రావడం తగ్గుతుంది.

చేనులో మనిషికి భద్రత లేకపోతే ఏ ప్రణాళికా నిలవదు

2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి వెళ్లిన ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. అదే ఏడాది జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు విషం పెట్టిన పశువు కళేబరం తిని చనిపోయాయి. పశువు పోయినవాడికి పరిహారం చేతికందే సరికి వాడి కోపం విషంగా మారితే జరిగేది ఇదే. అందుకే పరిహారం కాగితాల పనిని ఊరంతా మీద వేసుకోవాలి. పశువు చనిపోతే కళేబరాన్ని కదిలించకుండా ఫొటో తీసి, అదే రోజు ఫారెస్టు వాళ్లకు చెప్పి, పశువైద్యుడితో పంచనామా చేయించాలి. ఈ మూడూ తెలిసిన మనిషి ఊళ్లో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. నష్టపోయిన రైతును ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరగనివ్వకండి.

పులి తిరుగుతోందని తెలిసిన రోజుల్లో చేనుకు గుంపుగా వెళ్లండి. పొద్దెక్కాక వెళ్లి, పొద్దుగుంకకముందే తిరిగి రండి. వంగి పత్తి ఏరుతున్నప్పుడు ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి. మంచె మీద కాపలాకు ఒక్కడే వెళ్లడం మానాలి.

కరెంటు తీగల సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. అడవి పంది కోసం లైను నుంచి కొక్కెం వేసి చేను చుట్టూ తీగ లాగితే పందితో పాటు పులి చస్తుంది, పక్క రైతు చస్తాడు, సొంత ఎద్దు చస్తుంది. కేసు హత్యానేరం దాకా పోతుంది. సోలార్ కంచెలో కరెంటు ఆగి ఆగి వస్తుంది, ఝటకా తగులుతుంది గానీ ప్రాణం పోదు. నాలుగైదు చేల వాళ్లు కలిసి ఒకే కంచె వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. కానీ నక్షలో జంతువులు దాటే చోటని రాసుకున్న దగ్గర కంచె వేయకూడదు. అక్కడ దారి వదిలి చేలకు మాత్రం కంచె కట్టాలి. తీర్మానంలో ఇది కూడా రాయండి.

ప్రాజెక్టు వస్తోందని తెలిసిన రోజు

పుకారు వినగానే ధర్నాకు దిగకండి. ముందు అది ఏ రకం పనో తేల్చండి. ఒక్కో దానికి ఒక్కో గడువు ఉంది, గడువు దాటితే ఎంత పెద్ద ధర్నా అయినా చేతికి ఏమీ రాదు.

గని, పెద్ద పరిశ్రమ అయితే 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద బహిరంగ విచారణ ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి. నివేదిక తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో దొరకాలి. ప్రాజెక్టు మ్యాపును మీ నక్ష మీద పెట్టి చూడండి. మీ వాగును నివేదికలో "ఎండిన కాలువ" అని రాసి ఉండొచ్చు, మీ నోటుబుక్కులో ఉన్న జంతువుల పేర్లు అందులో లేకపోవచ్చు. ఏ పేజీలో ఏం తప్పో రాతపూర్వకంగా ఇవ్వండి. విచారణ రోజు నోటితో చెప్పిన ప్రతి మాటా మినిట్స్‌లో ఎక్కిందా అని చూసుకోండి. అక్కడే చదివి వినిపించాలి, వీడియో తీయాలి. అనుమతి వచ్చాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు, తగిన కారణం ఉంటే మరో 60 రోజులు.

భూసేకరణ అయితే ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజుల్లో అభ్యంతరాలు పెట్టాలి. 2013 చట్టం 10వ సెక్షన్ రెండు పంటలు పండే నీటి వసతి భూమిని ప్రత్యేకంగా చూడమంటుంది. నక్షలో ఆ భూమికి వేరే రంగు వేయమన్నది ఇందుకే. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ చట్టాన్ని సవరించుకున్నాయి కాబట్టి ఇక్కడ ఒక వకీలు సలహా తప్పనిసరి.

పట్టణానికి దగ్గర ఊరైతే మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద కన్నేసి ఉంచండి. కామారెడ్డిలో తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు అభ్యంతరాలు పెట్టారు, రోడ్డెక్కారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోవాలని తీర్మానించింది. అది ముసాయిదా దశలో ఉండగానే పట్టుకున్నారు కాబట్టి సాధ్యమైంది.

రోడ్డో రైలు మార్గమో అయితే వద్దనే మాటతో మొదలుపెట్టడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. రోడ్డు ఊరికీ కావాలి. అడగాల్సింది దారి ఎక్కడ వదిలారని. నాగపూర్ నుంచి మధ్యప్రదేశ్ వైపు పోయే 44వ జాతీయ రహదారి, అంటే మన హైదరాబాద్, ఆదిలాబాద్ మీదుగా పోయే రోడ్డే, పెంచ్ అడవిలో జంతువుల కోసం తొమ్మిది చోట్ల పైకి లేపి కట్టారు. 2019లో అక్కడ కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల జంతువులు ఆ వంతెనల కింద నుంచి దాటాయి, అందులో పులులు 89 సార్లు. మంచిర్యాల నుంచి చంద్రపూర్ పోయే 363వ రహదారి మన కారిడార్‌ను కోస్తోంది. అండర్‌పాస్ ఏ కిలోమీటరు దగ్గర కావాలో చెప్పగలిగేది నోటుబుక్కు ఉన్న ఊరే. పులుల అభయారణ్యాలను కలిపే ప్రాంతాన్ని జాతీయ వన్యప్రాణి బోర్డు ఆమోదం, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా లేకుండా పర్యావరణానికి చేటు తెచ్చే అవసరాలకు మళ్లించకూడదని వన్యప్రాణి చట్టం 38ఓ సెక్షన్ చెబుతుంది. లేఖ రాసేటప్పుడు ఈ సెక్షన్ పేర్కొనండి.

ఊరు తానుగా కోరుకుంటే, కమ్యూనిటీ రిజర్వు

సొంత భూమినో ఊరి భూమినో తమంతట తామే జంతువుల కోసం వదలాలనుకుంటే వన్యప్రాణి చట్టంలో కమ్యూనిటీ రిజర్వుకు 36సి సెక్షన్ ఉంది. కర్ణాటకలో కొంగలకు, గూడబాతులకు పేరుపడ్డ కొక్కరె బెళ్లూరు ఇలా ప్రకటించుకున్న ఊరే. మన శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఏ బోర్డూ లేనప్పటి నుంచే కొంగలను ఊరు సాకుతోంది, వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. భూమి ఊరిదే ఉంటుంది. అయితే ఒకసారి ప్రకటించాక నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చలేరు. ఇది బయటి కొనుగోలుదారుకు ఎంత అడ్డో మీ పిల్లలకూ అంతే కట్టుబాటు. అందుకే తొందరపడి చేయొద్దంటాను. ముందు ఒకటి రెండేళ్లు తీర్మానంతో నడిపి చూడండి, ఊరు దానికి అలవాటు పడ్డాక దరఖాస్తు పెట్టండి.

పొలం అమ్మాల్సిన అవసరం రాకుండా

ఏ రైతూ సరదాకు పొలం అమ్మడు. ఆడపిల్ల పెళ్లి, ఆస్పత్రి ఖర్చు, వరసగా రెండేళ్లు పత్తి పోవడం, ఇవే అమ్మిస్తాయి. బ్రోకరు వచ్చేది సరిగ్గా ఆ వారంలోనే. ఊళ్లో మహిళా సంఘాలతో మాట్లాడి, అలాంటి సమయంలో అప్పు దొరికే ఏర్పాటు ముందే చేసుకోండి. అమ్మక తప్పని పరిస్థితి వస్తే ముందు ఊళ్లో సాగు చేసే మరో రైతును అడగాలన్న ఒప్పందం రాసుకోండి. దానికి చట్టబలం లేదు, ఊరి మాట బలమే ఉంది. పత్తి ఒక్కదాని మీదే ఆధారపడకుండా కంది, జొన్న, చిరుధాన్యాలు కలిపితే ఒక పంట పోయినా ఇల్లు గడుస్తుంది. తునికాకు, ఇప్ప, తేనె మీద వచ్చే ఆదాయానికి సామూహిక హక్కు కాగితం ఉంటే ధర దగ్గర గట్టిగా నిలబడవచ్చు.

ఇవన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. ఈ వారం తహసీల్ ఆఫీసుకు వెళ్లి నక్ష నకలుకు దరఖాస్తు పెట్టండి. వచ్చేటప్పుడు దారిలో ఒక నోటుబుక్కు కొనండి.